గొంగడియు కుంపటియు: చలికాలపు పొదుపు చరిత్ర

తెలుగు దేశమున చలికాలము చుట్టపుచూపుగా వచ్చిపోవు ఋతువు. మార్గశిర పుష్య మాసములలో వచ్చి, మాఘము ముగియునంతలో మరలిపోవును. ఎండకును వానకును తగినట్లు ఇల్లు కట్టుకొన్న జనులు చలికొఱకై గోడలు దళసరి చేయలేదు; పొగగూళ్ళు నిలుపలేదు. రెండు నెలల బాధకై ధనము వెచ్చించు శక్తి సామాన్యునకు లేదు. కావున ఏడాది పొడుగునను వేఱొక పనికి పనికివచ్చు వస్తువులే ఆ రెండు నెలలును చలికి అడ్డు నిలిచినవి. ఊక, పేడ, మేక యెరువు, వరిగడ్డి, గోనె, చినిగిన చీర, గొర్రె బొచ్చు: ఇవియే ఆ సామగ్రి. వీనిలో సగము పశువులు ఇచ్చినవి. మిగిలినవి పశువులతో పంచుకొనవలసినవి.

పేదవాని చలికాలపు పొదుపు ఒకే కప్పు క్రింద మనిషికిని పశువునకును గల పొత్తుపై నిలిచినది. ఆ పొత్తు ఉన్నంత కాలము చలి చవుకగా గడచినది. అది చెడిన చోట వెచ్చదనము కొనవలసిన సరకైనది. ఈ సంగతి ప్రాచీన కావ్యములందును, గొంగడి నేతయందును, తుదకు తెలుగు సాలెలు పొట్టకూటికై వలసపోయిన సూరతు పరిసరములందును కనబడును.

రాజుల యుద్ధములను వ్రాసిన చరిత్రకారులు రైతు చలిని వ్రాయలేదు. కవులు కొంత వ్రాసిరి. సాతవాహన ప్రభువైన హాలుని పేర వెలసిన గాథాసప్తశతి మహారాష్ట్రీ ప్రాకృతమున ఉన్నను, అందు తెలుగు మాటలు కొన్ని గలవని పండితులు గుర్తించిరి. అందలి ఒక గాథలో ఒక పామరుడు మాఘమాసపు చలిలో తన పైకప్పుడు బట్టను అమ్మి ఎద్దును కొనును. యౌవనవతి యగు భార్య చనుగవ అతనికి పొగలేని ఊకనిప్పువంటిదని కవి చమత్కరించినాడు. రసజ్ఞులు ఇందు శృంగారమును చూతురు. సాంఘిక చరిత్రకారునకు ఇందొక పద్దు లెక్కయు కనబడును. కప్పుడుబట్ట నెల దినముల అక్కఱ. ఎద్దు ఏడాది అక్కఱ. చలి పోవుచున్న మాఘమున బట్టను వదలుకొని, దుక్కికి పనికివచ్చు పశువును సంపాదించుటయే కాపు తెలివి. ఊకనిప్పును ఉపమానముగా ఎన్నుకొనుటలోనే ఆ కాలపు పేదయింటి చలికాపు ఏదియో తెలియుచున్నది. మంటలేక, పొగలేక, రాత్రి పొడుగునను లోలోపల రాజుకొనుచుండు నిప్పు అది. ధాన్యము దంచగా మిగిలిన పొట్టు తప్ప దానికి మూలధనము లేదు.

ఈ భావమే సుమారు పదమూడు, పదునాలుగు శతాబ్దుల పిమ్మట తెలుగున పద్యమై, వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామములో చోటు చేసికొన్నది. తాను యౌవనారంభమున శాలివాహన సప్తశతిని తెనిగించితినని శ్రీనాథుడు చెప్పుకొన్నాడు. ఆ గ్రంథము నేడు లభించుట లేదు. అందుచేత ఈ పద్యము క్రీడాభిరామ కర్తృత్వ వివాదమున ఒక ఆధారముగా పలుమాఱు చర్చకు వచ్చినది. ఆ వివాదము ఎట్లు తేలినను ఒక విషయము నిశ్చయము. ప్రాకృత గాథలోని చలియు, కప్పుడుబట్టయు, పొగలేని ఊకనిప్పును కాకతీయుల ఓరుగల్లును వర్ణించిన కావ్యమున అన్యదేశపు వస్తువులుగా కనబడలేదు. అన్ని శతాబ్దుల కాలము పేదవాని కుంపటి మాఱలేదు.

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చేసిన వర్షర్తు వర్ణన ఇంకను సూక్ష్మమైనది. ఎడతెగని జడివానలో ఒక రెడ్డి ఆకుకూరలతో వేడివేడి ఆరికల అన్నము భుజించి మంచమెక్కినాడు. పశువులు మేతకు పోయినవి. ఇంట మిగిలిన లేగదూడలు అతని మేనిని నాకుచున్నవి. మంచము చెంత మేక యెరువుతో రాజిన కుంపటి ఉన్నది. సామ్రాజ్యమును ఏలిన కవి ఈ ఇంటిని పరిహసింపక, అందలి సుఖమును గుర్తించినాడు. ఆ వర్ణనలోనే తడిసిన కట్టెలతో పొయ్యి రాజవేయలేక అగచాట్లు పడు ఇల్లాలును కలదు. ఈ రెంటిని కలిపి చదివినచో మేక యెరువు విలువ బోధపడును. వానకు కట్టెలు తడియును. ఇంటిలోనే కట్టివేసిన మేకల పెంటికలు కప్పు క్రింద ఎండియుండును. చిన్నవై, గట్టివై, మెల్లగా కాలుచు అవి గంటల తరబడి కాక నిచ్చును. మనిషి మేకకు వాన తడియని చోటిచ్చెను. మేక మనిషికి నిప్పునిచ్చెను.

ఇట్టి పద్యములనుండి జనజీవనమును ఏరి కూర్చు మార్గమును తెలుగువారికి చూపినవారు సురవరము ప్రతాపరెడ్డిగారు. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1955లో సాహిత్య అకాడమీ పురస్కారమును తెలుగునకు తొలిసారి తెచ్చినది. ఆ మార్గమున కావ్యములు చూపిన ఇంటిని పల్లె వాడుకతో పోల్చినచో, చలికాలమునకు ఇల్లు సిద్ధపఱచుకొను పద్ధతి అంతయు కన్నులకు కట్టును.

ఆ సన్నాహము కార్తికము వెళ్ళుచుండగనే మొదలగును. కందికట్టెతో తడక అల్లి, పేడయు మట్టియు కలిపి మెత్తి, ఈశాన్యపు గాలి కొట్టు వైపున కొట్టమునకు కట్టుదురు. వానలు నిలువగనే పిడకలు చఱిచి ఎండబెట్టుదురు. కొట్టములో సాయంకాలము పేడ తీసి, మూత్రము ఇంకిన చోట బూడిద చల్లి, పైన పొడి గడ్డి పఱతురు. పశువునకు చలికన్న తడి కీడు. పొడి నేలపై పండుకొన్న దూడ చలిని ఓర్చుకొనును, తడి నేలపై పండుకొన్న దూడ జబ్బుపడును. చినిగిన గోనెసంచిని ఒక ప్రక్క విప్పి, లేగదూడ వీపున కప్పి, పొట్ట క్రిందుగా త్రాడుతో ముడివేయుదురు. మేకపిల్లలను, కోళ్ళను గంప క్రింద మూసి, గాలి ఆడునంత సందు విడిచి, గంపపై గోనె కప్పుదురు. కుక్కకు ఎవరును పక్క వేయనక్కఱలేదు. చల్లారుచున్న పొయ్యి బూడిదలో అది తన చోటు తానే వెదకికొనును.

ఇందు ఏ వస్తువును ఒక్క పనితో ముగియదు. దూడ క్రింద నలిగిన గడ్డి తెల్లవారి పెంటకుప్పకు చేరి, వేసవి తుదను చేనికి ఎరువగును. పొయ్యి బూడిద కొట్టమునకు పోగా మిగిలినది అంట్లు తోముటకు పనికివచ్చును. పశువుల దేహమే ఒక నిప్పు లేని కుంపటి. విశ్రాంతిగా ఉన్న మనిషి దేహము సుమారు 100 వాట్ల వేడిని వెలువరించును. ఆవు దేహము దానికి పలు రెట్లు వెలువరించును. నడుమ అడ్డుగోడ మాత్రమే ఉన్న ఇంటిలో ఆ వేడి వృథా పోదు. ముసలివారు కొట్టము ప్రక్క వసారాలో మంచము వేసికొనుటకు కాపలా ఒక్కటియే కారణము కాదు.

ఈ జీవనమును పొగడుటలో మితము అవసరము. పేడపొగ ఇల్లాండ్ర కన్నులను, ఊపిరితిత్తులను పాడుచేసినది. గోమార్లు, దోమలు, దుర్గంధము ఆ వెచ్చదనముతోపాటు వచ్చినవి. చలి తక్కువ ఖర్చుతో గడచినదన్నమాట నిజమే. ఆ ఖర్చులో కొంత స్త్రీల ఆరోగ్యము రూపమున చెల్లినదన్నమాటయు నిజమే.

ఈ పొత్తున పుట్టిన వస్తువులలో శ్రేష్ఠమైనది గొంగడి. తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టభూములలో పెరుగు దక్కనీ జాతి నల్లగొర్రె బొచ్చు ముతుక. మేలిరకపు శాలువలకు పనికిరాదు. ఏడాదికి రెండుమాఱులు కత్తిరించిన ఆ బొచ్చును ఏకి, వడికి, చింతగింజల గంజి పట్టించి కురుమలు గొంగళ్ళు నేసిరి. రంగు వేయనక్కఱలేదు; గొర్రె నలుపే గొంగడి నలుపు. కాపరికి అది వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రి పక్క, పగలు మూట. అన్నము తినుటకు పఱచుకొన్న చాపయు అదియే యని గొంగడిలో తినుచు వెండ్రుకలు ఏరినట్లన్న సామెత చెప్పుచున్నది. ఉన్ని తేమను పీల్చికొనియు వేడిని నిలుపుకొనును. నిప్పురవ్వ పడిన చోట మాడునే గాని భగ్గున అంటుకొనదు. కుంపటి ప్రక్కన నిర్భయముగా కప్పుకొనదగిన బట్ట అది. ఒగ్గుకథలు చెప్పి, బీరప్పను, మల్లన్నను కొలుచు కురుమలకు గొంగడి పూజాద్రవ్యము కూడ.

మంద యజమాని పంట కోసిన చేలలో గొర్రెలను రాత్రులు నిలిపి, ఆ ఎరువునకు ప్రతిఫలముగా రైతునుండి ధాన్యము పుచ్చుకొనును. ఒకే గొర్రె రైతు చేనికి సారమును, కాపరికి తిండిని, ఇద్దఱకును కప్పుకొను బట్టను ఇచ్చినది. గొంగడి చవుకయని తోచుట దాని వెల తక్కువ యగుటచేత గాదు. ఆ వెల అనేకుల నడుమ అనేక విధముల పంచుకొనబడుటచేత.

గొంగడి లేని ఇంటికి బొంత దిక్కు. పాత చీరలను, పంచెలను పొరలు పొరలుగా పఱచి, చుట్టును నడుమను కుట్టువేసిన బొంతలో పొరల నడుమ నిలిచిన గాలియే చలిని ఆపును. దీనినే మరాఠీవారు గోధడి యనిరి. గుజరాతీలు గోదడీ యనిరి. భోగినాడు పాత వస్తువులను మంటలో వేయు ఆచారము గల జాతియే పాత చీరను మాత్రము బొంతకై దాచినది. పెద్ద బొంత మనుష్యులకు. అది చినిగినచో పసిపిల్లల పక్కకు. అదియు నలిగినచో దూడ వీపునకో కుక్కపిల్లల గంపకో చేరును.

ఇరువదవ శతాబ్దమున ఈ క్రమమునుండి వేలకొలది తెలుగు కుటుంబములు బయటపడెను. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు చేతిమగ్గము కూడు పెట్టక, షోలాపురమునకు, బొంబాయికి, భివండికి, సూరతునకు వలసపోయిరి. సూరతున కృత్రిమ పట్టు, తరువాత నైలాను, పాలియెస్టరు నేయు మరమగ్గములు పెరిగిన కొలదియు తెలుగువారి వాడలును పెరిగెను. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడపుటయే వారి సంఖ్యకు సాక్ష్యము. వారి వెంట మార్కండేయ మహర్షి పూజ వచ్చినది, భాష వచ్చినది, బొంత వచ్చినది. పశువు మాత్రము రాలేదు.

సూరతు నగరమునకు ఆగ్నేయముగా, సుమారు 15 కిలోమీటర్ల దూరమున, పల్సాణా తాలూకాలో కడోదరా ఉన్నది. బొంబాయినుండి అహమ్మదాబాదునకు పోవు రాజమార్గమును సూరతునుండి బార్డోలీకి పోవు మార్గము అచ్చట దాటును. ఒకనాటి వ్యవసాయ గ్రామము నేడు అద్దకపు మిల్లులకు, మరమగ్గములకు, అనేక రాష్ట్రములనుండి వచ్చిన కార్మికులకు నెలవు. అచ్చటి చలి సముద్ర సామీప్యముచేత సాధువైనది. జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సామాన్యముగా 15 డిగ్రీల ప్రాంతమున ఉండును. కొన్ని సంవత్సరములలో ఆదిలాబాదు జిల్లాలో అది 5 డిగ్రీలకు దిగువ పడుటయు కలదు. అంకెలను చూచినచో వలసవచ్చినవాడు చలినుండి తప్పించుకొన్నవాడే.

ఈ నేలయు ఒకనాడు పశువుతో ఇల్లు పంచుకొన్న నేలయే. కడోదరాకు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరములో ఉన్న బార్డోలీ తాలూకాలో 1928 ఫిబ్రవరి మొదలు ఆగస్టు వఱకు వల్లభభాయి పటేలు నాయకత్వమున పన్ను నిరాకరణ సత్యాగ్రహము జరిగెను. శిస్తు చెల్లింపని రైతుల ఎనుములను జప్తు చేయుటకు అధికారులు తిరుగుచుండగా, రైతులు తలుపులు మూసికొని నెలల తరబడి పశువులతో కూడ ఇండ్లలో ఉండిరి. ఆ ఇండ్లు పొడవైనవి. పశువులకును మనుష్యులకును ఒకే కప్పు. గాలి వెలుతురు లేక పశువులు చిక్కి జబ్బుపడెను. ఆ ఏకగృహ నిర్మాణము లేకున్నచో ఆ పోరాట పద్ధతియే సాధ్యపడకుండెడిది. ఒకే కప్పు క్రింద బ్రదుకుటకు గాలియాడు సందు ఎంత అవసరమో కూడ ఆ నెలలు చూపినవి.

సూరతు చలికాలమున దొరకు పోంకు తెలుగు కూలీకి పరిచితమైన రుచి. లేత జొన్న కంకులను నిప్పుల బూడిదలో కాల్చి రాల్చిన గింజలవి. తెలంగాణ రైతు చేని గట్టున కాల్చుకొను ఊచబియ్యమే. కాని రైతునకు అది చలికాచుకొనుచు తిను తిండి. నగరమున అది తూకమున కొను తినుబండారము. చేని నిప్పు అంగడికి చేరినది.

వలసకూలీ ఇంటి చలికాలమున మాఱినది మొదట గది. సిమెంటు నేల, సిమెంటు కప్పు, ఒకే తలుపు గల గదిలో పలువురు కలిసి ఉందురు. పగటి షిఫ్టువాడు లేచిన పక్కపై రాత్రి షిఫ్టువాడు పండుకొను ఏర్పాటు సూరతు కార్మికవాడలలో సామాన్యము. పక్క చల్లారకుండుటకు అచ్చట పశువు అక్కఱలేదు. మనిషియే ఆ స్థానమున ఉన్నాడు. బాయిలరు వేడిలో పండ్రెండు గంటలు పనిచేసి, తెల్లవాఱుజామున చెమటతో బయటికి వచ్చువానికి 15 డిగ్రీలును తీవ్రమైన చలియే.

రెండవది నిప్పు. గాథాకవి మెచ్చుకొన్న పొగలేని నిప్పు మూసిన గదిలో మృత్యువు. చాలినంత గాలి లేక రాజుకొను బొగ్గునుండి, ఊకనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. గడ్డికప్పు సందులనుండి, తడక కన్నములనుండి అది పూర్వము బయటికి పోయెడిది. ఆ సందులు పేదయింటి లోపముగా తోచినను, కుంపటిని ప్రాణాపాయము లేకుండ అనుభవింపనిచ్చినవి అవియే. తలుపు బిగించిన గదిలో కుంపటి ఉంచుకొని నిద్రించి మరణించినవారి వార్తలు ఉత్తర హిందూస్థానమున దాదాపు ప్రతి శీతకాలమును వచ్చుచున్నవి. అట్టి గదిలో మనుష్యులకన్న ముందు పంజరములోని చిలుకకు అపాయము.

మూడవది బట్ట. పానిపట్టున పాశ్చాత్య దేశముల పాత ఉన్నిదుస్తులను చీల్చి వడికిన నూలుతో నేసిన చవుక కంబళ్ళు చిరకాలము పేదలకు దిక్కైనవి. తరువాత పాలియెస్టరు దుప్పటులు వాని స్థానమును ఆక్రమించినవి. అవి తేలిక, మెత్తన, చవుక. కాని నిప్పు తగిలినచో కరిగి చర్మమునకు అంటుకొనును. గొంగడియు కుంపటియు కలిసి ఉండగలవు. పాలియెస్టరు దుప్పటియు కుంపటియు కలిసి ఉండరాదు. కావున కొత్త బట్ట వచ్చిన ఇంట పాత నిప్పు పోవలసినదే.

పెంపుడు జంతువుల పట్ల దయ సూరతునకు కొత్త కాదు. 1689లో ఆ రేవును చూచిన ఆంగ్ల మతాచార్యుడు ఓవింగ్టను ఆవులకు, గుఱ్ఱములకు, మేకలకు, కుక్కలకు అచ్చటి వర్తకులు నడపిన వైద్యశాలను వర్ణించెను. ఆ పాంజరాపోళముల సంప్రదాయము గుజరాతున నేటికిని ఉన్నది. కాని వైద్యశాల దయ వేఱు, కొట్టపు పొత్తు వేఱు. మొదటిది దాతల ధనముపై ఆధారపడును; రెండవది ఇచ్చిపుచ్చుకొనుటపై నిలుచును. అద్దెగదిలో మిగిలిన కుక్క, పిల్లి, కోడి ఇంటికి వెచ్చదనము ఇచ్చుటకన్న కోరుటయే ఎక్కువ. ఐనను పాత కొట్టపు నీతి అచ్చట వ్యర్థము కాలేదు. సిమెంటు నేల దేహపు వేడిని లాగివేయును గనుక క్రింద ఒక పలకయో ఇటుకల ఎత్తో కావలెను. గోనెలో గుడ్డపేలికలకన్న పొడి గడ్డి కూరుట మేలు. పేలికలు తేమను పట్టి ఉంచును, గడ్డి వదలివేయును. గాలి వచ్చు సందు అంతయు మూయరాదు. ఇవన్నియు లేగదూడకై నేర్చిన పాఠములే.

బొంత మాత్రము ఓడిపోలేదు. మగ్గముల చుట్టును మిగులు చిందీ గుడ్డ ముక్కలును, వెలసిన పాలియెస్టరు చీరలును దానికి కొత్త పొరలైనవి. సూరతు చుట్టుపట్ల అద్దిన చవుక చీర తెలుగు పల్లె అంగడికి చేరి, నాలుగేండ్లు కట్టి, బొంతయై ముసలివారి మంచమెక్కుచున్నది. చెమటను పీల్చుటలో అది నూలుబొంతకు సాటిరాదు. ఐనను పొరల నడుమ గాలిని నిలుపు విద్య బట్ట జాతిని బట్టి మాఱదు.

గొంగడి గతి వేఱు. మాంసపు గిరాకి పెరిగిన కొలదియు 1990ల తరువాత మందలలో బొచ్చు లేని నెల్లూరు గొర్రె నల్లగొర్రెను త్రోసివేసినది. తెలంగాణలో 2017లో ఒక్కొక్క లబ్ధిదారునకు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున ఇచ్చిన పథకముయొక్క లక్ష్యమును మాంసోత్పత్తియే. ఉన్నికి వెల లేనందున నల్లగొర్రెను కత్తిరించిన బొచ్చు కొనువారు లేక పాఱవేయు స్థితి వచ్చినది. వడుకుట తెలిసిన ముసలమ్మలు తగ్గిరి. నేయువారు అంతకన్న తగ్గిరి. నేడు గొంగడి అరుదై, వెల పెరిగి, నగరవాసుల అలంకార వస్తువగుచున్నది. పేదవాని దుప్పటి పేదవానికే అందని సరకైనది.

ఇది ఒక్క బట్ట కథ కాదు. గొంగడి నిలువవలెనన్నచో గొర్రె ఉండవలెను. గొర్రె ఉండవలెనన్నచో పంట కోసిన చేలలో దానికి మేతయు, దాని ఎరువును కోరు రైతును ఉండవలెను. ఈ గొలుసులో ఒక కడియము తెగినను మిగిలినవి జాఱిపోవును. ప్రదర్శనశాలలో ఉంచిన గొంగడి ఆ గొలుసును కాపాడజాలదు. నిఘంటువులోని ముర్మురమను మాటకు అర్థము తెలిసినంత మాత్రమున ఊకనిప్పు రాజుకొనదు. ఐనను ఆ మాటలను, వాని వెనుక ఉన్న పనులను, పశువులను సరిగా తెలిసి వ్రాయుట రచయితలకు చేతనైన పని. హాలుని రైతు బట్టనమ్మి ఎద్దును కొన్నాడు. అతని వారసుడు ఎద్దును వదలి బట్ట నేయుటకు పోయినాడు. ఆ నేసిన బట్టలో అతని వంతు ఎంతయన్నది తేలినప్పుడే అతని చలి లెక్క తేలును.